నాలుగు, ఐదు తరగతుల పిల్లలచేత బల్బు వెలిగించాలి: కిట్టు కొనాలా, విడి సామాను చాలా?

టీచరమ్మ, పార్వతీపురం మన్యం:

అందరికీ నమస్కారం. మాది మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల. నాలుగు, ఐదు తరగతులు రెండూ ఒకే గదిలో నా దగ్గరే. ఇరవై మంది పైనే ఉంటారు, సగం మంది ఇంట్లో సవర మాట్లాడేవాళ్ళు. ఏటా ఫిబ్రవరి 28న సైన్స్ దినోత్సవమని పక్క ఊరి హైస్కూలుకి తీసుకెళ్తాం. పెద్ద పిల్లలు థర్మోకోల్ మీద కట్టిన డ్యాములు, గాలిమరలు చూసి వచ్చేస్తాం. ముట్టుకుంటే ఊరుకోరు. ఈసారి మా పిల్లలే ఏదో ఒకటి చేసి పట్టుకెళ్ళాలని నా పట్టుదల. కరెంటంటే అందరికీ సరదా కదా అని అదే అనుకున్నాను.

అనుకున్నాక సందేహాలు మొదలయ్యాయి. ఆన్‌లైన్లో రెడీమేడ్ కిట్లు ఉన్నాయి, నొక్కితే టక్కున అతుక్కునే ముక్కలతో. ఒక్కటి కొంటే ఇద్దరు ఆడతారు, మిగతావాళ్ళు చూస్తారు. విడిగా కొందామంటే ఎలక్ట్రికల్ షాపాయన "టార్చి బల్బులు ఇప్పుడెవరు వాడుతున్నారమ్మా, ఎల్ఈడీలు పట్టుకెళ్ళండి" అంటాడు. ఏది నయం?

రెండోది భయం. ఒక తల్లి ఇప్పటికే "మా వోడు ప్లగ్గులో పుల్లలెడతన్నాడు, మీరు కరెంటు నేర్పితే ఇంకేటవుద్దో" అంది. ఆవిడని తప్పుపట్టలేను. తడిబట్టలు ఆరేసే ఇనప తీగకి కరెంటు పాకి మనిషి పోయాడన్న వార్త వినని వానాకాలం ఉండదు.

మూడోది ఐదో తరగతి కుర్రాడు. బల్బు వెలగాలంటే ఎన్ని వైర్లు కావాలని మాటల్లో అడిగితే అందరూ ఒకటే అన్నారు. వీడు లేచి, "మా నాన్న ట్రాక్టరు ఎనక లైటుకి ఒక్క వైరే ఒస్తాది టీచర్, నేను సూసేను" అని సాక్ష్యం కూడా చెప్పాడు. రెండు కావాలని నాకు తెలుసు. ట్రాక్టరుకి ఒకటే ఎలా సరిపోతోందో మాత్రం మీరెవరైనా చెప్పాలి.

పాతబడి మాస్టారు, అమలాపురం:

అమ్మా, కిట్టు వద్దు. బొమ్మలో చూపించినట్టు ముక్కలు పేరిస్తే వెలుగుతుంది. పిల్లవాడు వెలిగించాడంటాం గానీ వాడు చేసింది బొమ్మని చూసి దించడం. నేను హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి. ఓమ్ నియమం లెక్కలు గడగడా చేసే పదో తరగతి పిల్లల చేతికి ఒక సెల్లు, ఒక టార్చి బల్బు, ఒక్క వైరు ముక్క ఇచ్చి వెలిగించమంటే చాలామంది బిక్కమొహం వేసేవారు. ఆ పని నాలుగో తరగతిలో చేతులతో చేసి ఉంటే ఆ అవస్థ ఉండదు.

మీ మొదటి పీరియడ్‌కి సామాను కూడా అదే. ఇద్దరికి ఒక పెన్సిల్ సెల్లు, ఒక 2.5 వోల్టుల టార్చి బల్బు, జానెడు వైరు, దాని రెండు కొసలా అంగుళం మేర తొడుగు ఒలిచి ఇవ్వండి. రెండో వైరు అడుగుతారు, ఇవ్వొద్దు. "వెలిగించండి" అని చెప్పి మీరెళ్ళి హాజరుపట్టీ చూసుకోండి. చూపించెయ్యాలని మీ చెయ్యి దురద పెడుతుంది. ఈ పాఠంలో కష్టమంతా అక్కడే.

ముందు అందరూ ఒకటే చేస్తారు. వైరు ఒక కొస సెల్లు బొడిపె మీద, రెండో కొస బల్బు అడుగున. వెలగదు. సెల్లు పాడైందని పక్కవాడి సెల్లు లాక్కుంటారు. కొందరు బల్బుని బొడిపె మీద నిలబెట్టి గట్టిగా నొక్కుతారు, బలం చాలక వెలగలేదేమోనని. ఇంతలో ఏ మూలనో ఒక జంటకి వెలుగుతుంది: బల్బు అడుగు సెల్లు బొడిపెకి ఆని, వైరు ఒక కొస సెల్లు అడుగుకి, రెండోది బల్బు పక్కనున్న ఇత్తడి తొడుగుకి తగిలినప్పుడు. ఆ అరుపులకి పక్క గది టీచరు పరుగెత్తుకొస్తారు, ఆవిడకి ముందే చెప్పి ఉంచండి. ఒక్క సెల్లు మీద ఆ బల్బు ఎర్రగా, మసకగానే వెలుగుతుంది, కిటికీ తలుపులు దగ్గరగా వేయండి. సెల్లు తిరగేసినా వెలుగుతుందని, బల్బుని పడుకోబెట్టినా వెలుగుతుందని ఆ తర్వాత వాళ్ళే కనిపెడతారు.

అప్పుడు నల్లబల్ల మధ్యలో గీత గీసి ఒకవైపు వెలిగినవి, రెండోవైపు వెలగనివి వాళ్ళచేతే బొమ్మలు వేయించండి. వెలగని బొమ్మలు చెరపొద్దు, అవే ఎక్కువ పనికొస్తాయి. వెలిగినవాటన్నిటిలో ఏది ఒకేలా ఉందని అడగండి. సెల్లుకి రెండు చోట్ల, బల్బుకి రెండు చోట్ల తగలాలన్న మాట వాళ్ళ నోటి నుంచే వస్తుంది. వలయం అన్న పేరు అప్పుడు చెప్పండి, అంతకుముందు వద్దు. ఆ పూటే ఒక కాలిపోయిన బల్బుని వెలుతురుకి పెట్టి చూపించండి. లోపల ఫిలమెంటుని మోసే కడ్డీలు రెండు. ఒకటి అడుగున సీసపు చుక్కకి పోతుంది, ఇంకోటి పక్క ఇత్తడి తొడుగుకి. రెండిటి మధ్యా ఒక నల్లని పట్టీ ఉంటుంది, అవి ఒకదానికొకటి తగలకుండా.

ఎల్ఈడీ సంగతి. అది మంచిదే, కాకపోతే తర్వాత. దానికి ప్లస్, మైనస్ ఉంటాయి. వెలగకపోతే వలయం తెగిందా, ఎల్ఈడీ తిరగబడిందా అన్నది తొమ్మిదేళ్ళ పిల్లకి తెలియదు. రెండు చిక్కులు ఒకేసారి ఇవ్వకండి. పైగా ఒక్క సెల్లుతో అది వెలగనే వెలగదు, రెండు కావాలి. టార్చి బల్బులు ఎలక్ట్రికల్ షాపులో దొరకవు గానీ స్కూళ్ళకి సైన్సు ల్యాబు సామాను అమ్మే కొట్లలో ఇప్పటికీ డబ్బాల్లో ఉంటాయి. హైదరాబాదు వెళ్ళేవాళ్ళెవరైనా ఉంటే కోఠి గుజరాతీ గల్లీలో అడిగించండి.

సెల్లుల విషయంలో నేను మొండివాణ్ణి. గోడ గడియారంలో వేసే మామూలు సెల్లులే కొనండి, ఖరీదైన ఆల్కలైన్ వద్దు, రీచార్జబుల్ అసలే వద్దు. పిల్లలు సెల్లు రెండు కొసల్నీ వైరుతో కలిపి తీరతారు. మామూలు సెల్లు అయితే వైరు వేడెక్కుతుంది, "అబ్బా" అని వదిలేస్తారు. రీచార్జబుల్ అయితే చాలా ఎక్కువ కరెంటు ఇస్తుంది, వేలు కాలుతుంది. పవర్‌బ్యాంకుల్లోంచి తీసిన లిథియం సెల్లులు బడి గడప కూడా తొక్కకూడదు, అవి మంటలు లేపుతాయి. ఇక వైరు వేడెక్కినప్పుడు మీకో అవకాశం ఉంది. పేపర్లో "షార్ట్ సర్క్యూట్‌తో పూరిల్లు దగ్ధం" అని వస్తుంది చూశారా, దాని అర్థం అప్పుడే వాళ్ళ వేళ్ళకి తెలుస్తుంది.

తర్వాతి పీరియడ్ రెండు సెల్లులు, రెండు బల్బులు, వరసగా. స్విచ్చి వేసేముందు ఏ బల్బు ఎక్కువ వెలుగుతుందో చేతులెత్తించండి. ప్లస్ వైపున్న బల్బే అంటారు, ముందున్నది కరెంటు తాగేసి మిగిలింది వెనకదానికి ఇస్తుందని వాళ్ళ లెక్క. రెండూ సమానంగా వెలుగుతాయి. ఒకటి కాస్త మసకగా ఉంటే పిల్లలు మిమ్మల్ని పట్టేసుకుంటారు. అప్పుడు బల్బులు అటూఇటూ మార్పించండి. ఆ మసక బల్బుతోపాటే వెళ్తుంది, చోటుతో ఉండదు. కరెంటు ఖర్చైపోవడం లేదని చెప్పడానికి నాకు ఇంతకన్నా మంచి దారి దొరకలేదు. నీళ్ళట్యాంకు, కుళాయి పోలిక చెప్పకండి, కుళాయి నీళ్ళు బయటికి పోతాయి, మళ్ళీ ట్యాంకులోకి రావు. సైకిలు స్టాండు వేసి చెయిన్ చూపించండి. పెడలు తిప్పిన క్షణానే చెయిన్ అంతా కదులుతుంది, వెనక చక్రం తిరుగుతుంది, చెయిన్ మాత్రం ఎక్కడా తరగదు.

వైర్లు పట్టుకోవడానికి చేతులు చాలవని గోల చేస్తారు. పాత సైకిలు ట్యూబు అడ్డంగా వేలెడు వెడల్పు రింగులుగా కోసి సెల్లుకి నిలువుగా తొడిగితే రెండు కొసలా వైర్లు బిగిసి కూర్చుంటాయి. టేపు దండగ.

ఆ తల్లికి ఇలా చెప్పండి: బడిలో ఆడేది 1.5 వోల్టులతో, గోడలో ఉన్నది 230. పిల్లలకి ఒకటే నియమం: సెల్లులోంచి వచ్చే కరెంటు మనది, గోడలోంచి వచ్చేది మనది కాదు. మొదటిరోజే, సామాను పంచకముందే, అందరిచేతా చెప్పించండి. కుర్రాడి ట్రాక్టరు సంగతి నాకన్నా బాగా చెప్పేవాళ్ళు ఇక్కడున్నారు.

వైండింగ్ షాపు, జగిత్యాల:

మాస్టారు నన్ను పిలిచినట్టే ఉంది. మేడం, ఆ పోరనికి శాబాష్ చెప్పున్రి, ఆడు చూసింది కరెక్టే. ట్రాక్టర్ వెనుక లైటుకు వైరు ఒక్కటే పోతది. రెండో వైరు ట్రాక్టరే. బ్యాటరీ మైనస్‌కు లావు పట్టీ ఉంటది, దాన్ని ఛాసిస్‌కు బోల్టు కొడతరు. లైటును ఇనుప మడ్‌గార్డుకు బిగిస్తే కరెంటు ఆ ఇనుములకెల్లి వాపస్ బ్యాటరీకి వస్తది. బాడీ ఎర్త్ అంటం మేము. లైటు మినుకు మినుకు అంటుందని తెస్తరు, బల్బు మార్చుమంటరు. బల్బుకు ఏం కాదు. బోల్టు కింద తుప్పు పడ్తది. ఎమరీ పేపర్‌తోని గీకి బిగిస్తే ఫుల్లు వెలుగుతది. పోరన్ని వాళ్ళ నాన్నతోని పోయి ఆ బ్యాటరీ మైనస్ పట్టీ యాడికి పోయిందో చూసి రమ్మనున్రి, ముట్టొద్దని చెప్పి. ఆ బ్యాటరీ 12 వోల్టులే గని, పానా అడ్డం పడితే ఎర్రగ కాల్తది.

బడిల చూపియ్యాలంటే మధ్యాహ్న భోజనం స్టీలు ప్లేటు చాలు. సెల్లు అడుగు ప్లేటు మీద ఆనియ్యున్రి, బల్బు ఇత్తడి తొడుగు ప్లేటు ఇంకో అంచుకు ఆనియ్యున్రి, బల్బు అడుగు నుంచి సెల్లు బొడిపెకు ఒక్క వైరు. వెలుగుతది. ఇనుప కుర్చీతోని చేస్తే వెలగది, రంగు అడ్డం పడ్తది. కాలు కాడ రంగు పోయిన జాగల పెడితే వెలుగుతది. రంగు కరెంటును ఆపుతదని పిల్లలకు అప్పుడే తెలుస్తది.

రాగి తీగ కొనకున్రి. ఏ వైండింగ్ షాపుకు పోయినా బడి పిల్లలకంటే బారెడు ఊరికే ఇస్తరు. కని ఒక్క మాట. ఆ తీగ మీద వార్నిష్ ఉంటది, కండ్లకు కనపడది, మెరుస్తుంటే ఒట్టి రాగే అనుకుంటరు. కొసలు గీకకుండ పెడితే పొద్దుందాక వెలగది. పారేసే సామానుతోని సైన్సు బొమ్మలు చేసి చూపే అరవింద్ గుప్తా గారి మోటర్ చూసిన్రా, సెల్లు, రెండు పిన్నీసులు, అయస్కాంతం, చుట్టిన తీగ? అండ్ల ఒక కొస చుట్టూ గీకాలె, రెండో కొస సగమే, పైవైపే గీకాలె. రెండూ చుట్టూ గీకితే తిరగకుండ గుంజుకుంటది. ఐదో తరగతి పిల్లలు చేస్తరు, కొంచెం ఓపిక పట్టాలె.

ఇంకోటి, వినాయక చవితి పందిరి పాత సీరియల్ సెట్టు ఉంటే తెమ్మనున్రి. ప్లగ్గు కోసి పడేసి ఇయ్యున్రి, అది ముఖ్యం. ఒక్కో బల్బు 6 వోల్టులదైతే 230కి ఎన్ని కావాలె? భాగారం చేపియ్యున్రి, 38 వస్తది. ఒక్కటి పోతే వరస మొత్తం ఎందుకు పోతదో వాళ్ళే చెప్తరు.

అమ్మ, ఫ్రిస్కో, టెక్సస్:

మా పాప నాలుగో గ్రేడు. ఇక్కడి లైబ్రరీలో పేపర్ సర్క్యూట్లు చేయిస్తే నేను వాలంటీరుగా వెళ్తుంటాను. గ్రీటింగ్ కార్డు లోపల జిగురున్న రాగి టేపు అంటించి, గుండ్రటి బటన్ సెల్లు, ఎల్ఈడీ పెడితే కార్డు మూయగానే వెలుగుతుంది. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. అయినా మీకు నేను బటన్ సెల్లు చెప్పను. చిన్న తమ్ముళ్ళు మింగుతారు. ఆహారనాళంలో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే లోపల కాలిపోవడం మొదలవుతుంది. కార్డు ఇంటికి పంపిస్తే సెల్లు ఎటుపోతుందో మన చేతుల్లో ఉండదు. రాగి టేపు బదులు వంటింటి సిల్వర్ ఫాయిల్ పట్టీలు, ఫెవికాల్, పక్కన రెండు పెన్సిల్ సెల్లులు పెట్టినా అదే కార్డు వస్తుంది.

ఒక చిక్కు మాత్రం పిల్లలకి భలే నచ్చింది. ఒకే బటన్ సెల్లుకి ఎర్ర ఎల్ఈడీ, తెల్ల ఎల్ఈడీ పక్కపక్కన సమాంతరంగా పెడితే ఎర్రది వెలుగుతుంది, తెల్లది ఆరిపోతుంది. ఎర్రది తీసేస్తే తెల్లది వస్తుంది. ఎర్రదానికి 2 వోల్టులు సరిపోతాయి, తెల్లదానికి దాదాపు 3 కావాలి. ఎర్రది కరెంటు లాగేస్తే ఆ చిన్న సెల్లు వోల్టేజి కిందికి పడిపోతుంది. మా పాప వారం రోజులు ఇంటికొచ్చిన అందరికీ చూపించింది.

ఉప్పు వేసి కలిపిన చపాతీ పిండితో కూడా చేశాం. రెండు ముద్దల్లో ఎల్ఈడీ కాళ్ళు చెరొకటి గుచ్చి, నాలుగు పెన్సిల్ సెల్లుల వైర్లు చెరో ముద్దకి. ముద్దలు రెండూ తగిలితే దీపం ఆరిపోతుంది. ఎల్ఈడీని ఆ నాలుగు సెల్లులకి నేరుగా మాత్రం తగిలించకూడదు, పిండి మధ్యలో ఉండబట్టే బతుకుతుంది.

టీచరమ్మ, పార్వతీపురం మన్యం:

అందరికీ ధన్యవాదాలు. మాస్టారూ, మీరు చెప్పినట్టే హాజరుపట్టీ పట్టుకుని కూర్చున్నాను. ముందుగా వెలిగించింది ఎప్పుడూ నోరు విప్పని నాలుగో తరగతి పాప. అరవలేదు కూడా. వెలిగిన బల్బుని ఆర్పకుండా అలాగే పట్టుకుని కూర్చుంది, పక్కపిల్ల చూసి కేకలేసింది. తర్వాత ఆ పాప దగ్గర క్యూ కట్టారు. సవరలో ఏదో చెప్పి చూపించింది, నాకు సగమే అర్థమైంది.

రెండు బల్బుల దగ్గర అందరూ ముందున్నదానికే చేతులెత్తారు, ఒక్కడు తప్ప. వాడు రెండూ సమానమేనన్నాడు. ఎందుకురా అంటే "సీరియల్ సెట్టులో అన్నీ ఒకేలా ఎలగతాయి కదా" అన్నాడు. జగిత్యాల అన్నయ్య గారూ, మీ మాట ఇంకా వాళ్ళ చెవిన వేయనేలేదు! ట్రాక్టరు కుర్రాడు వాళ్ళ నాన్నతో వెళ్ళి పట్టీ చూసొచ్చాడు. ఇప్పుడు ఊళ్ళో ఏ బండి కనిపించినా కింద దూరి ఎర్త్ ఎక్కడుందని వెతుకుతున్నాడు, అదో కొత్త తలనొప్పి.

సైన్స్ దినోత్సవానికి క్విజ్ బోర్డు అనుకుంటున్నాం. ఎడమ పక్క సవర మాటలు, కుడి పక్క తెలుగు మాటలు. సరైన జంట మీద రెండు వైర్లు పెడితే వెలగాలి. వెనకాల సిల్వర్ ఫాయిల్ పట్టీలతో కలుపుదామని. దీనికి ఎల్ఈడీ పెడితే బాగా కనిపిస్తుందేమో. మా వాళ్ళు కొన్ని ఎల్ఈడీల కాళ్ళు సమానంగా కత్తిరించేశారు, ఏది ప్లస్సో తెలియడం లేదు. రెసిస్టరు (కరెంటుని తగ్గించే ముక్క) కావాలా?

పాతబడి మాస్టారు, అమలాపురం:

బ్రహ్మాండమైన బోర్డు. హైస్కూలు డ్యాముల పక్కన పెట్టించండి, చూద్దాం.

కాళ్ళు పోయినా గుర్తు పోదు. ఎల్ఈడీ అడుగు అంచు చుట్టూ గోరు పెట్టి తిప్పండి, ఒకచోట చదునుగా తగులుతుంది. అటు ఉన్నదే మైనస్. మామూలు ఎల్ఈడీల్లో లోపలికి చూస్తే రెండు రేకుల్లో పెద్దదీ అటే ఉంటుంది. పిల్లల కళ్ళు మనకన్నా చురుకు, వాళ్ళనే చూడమనండి.

రెండు పెన్సిల్ సెల్లులకి తెల్ల ఎల్ఈడీ అయితే రెసిస్టరు లేకపోయినా నడుస్తుంది. ఎర్రది అయితే 100 ఓములది ఒకటి వరసలో పెట్టండి. గోధుమ, నలుపు, గోధుమ చారలు ఉంటాయి. 9 వోల్టుల బ్యాటరీ జోలికి పోవద్దు. ఎవరైనా తెచ్చి ఇచ్చేశారనుకోండి, ఎర్రదానికి 470 ఓములు, పసుపు, ఊదా, గోధుమ. రెసిస్టరు ఎందుకన్నది ఇప్పుడు చెప్పాల్సిన పని లేదు, అడిగినవాడికి మాత్రం చెప్పండి.

బోర్డు పిన్నులు ప్లాస్టిక్ తలకాయలవి కొనకండి, ఇత్తడి తలవి కావాలి, వైరు తగిలేది ఆ తలకే. సరైన జవాబు ఎప్పుడూ ఎదురుగానే ఉంటే పిల్లలు చదవకుండానే ఎదురెదురు పెట్టేస్తారు, వరసలు తారుమారు చేసేయండి. అప్పుడు వెనక పట్టీలు ఒకదాన్నొకటి దాటుతాయి. దాటే ప్రతి చోటా మధ్యలో టేపు రెండు పొరలు వేయించండి. లేకపోతే తప్పు జవాబుకీ దీపం వెలుగుతుంది. చివర్లో ఒక జంట పిల్లల్ని కూర్చోబెట్టి ప్రతి మాటనీ ప్రతి మాటతోనూ పెట్టి చూడమనండి. పది మాటలైతే నూరుసార్లు. వాళ్ళకి విసుగు రాదు, మీకే వస్తుంది.